దాణాలో ఎంజైమ్: ఆదా ఎవరి జేబులోకి, నష్టం ఎవరి ఖాతాలోకి?

(బ్రాయిలర్ కోళ్ల పెంపకందార్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం బ్రాయిలర్ దాణాలో ఎంజైమ్‌లు. నేను పశువైద్యుడిని కాదు. పదో తరగతి చదివి వ్యవసాయంలోకి వచ్చినవాడిని. కొన్నేళ్లు కంపెనీ కింద కోళ్లు పెంచాను, ఇప్పుడు సొంతంగా దాణా కలుపుకుని పెంచుతున్నాను. కాబట్టి రెండు వైపుల నుంచీ మాట్లాడగలను. ఈ హాల్లో కూడా రెండు రకాల వాళ్లూ ఉన్నారు. సగానికి పైగా కంపెనీ పిల్లలు, కంపెనీ దాణాతో పెంచేవాళ్లే. “మేం దాణా కలపం కదా, మాకెందుకు ఈ ఎంజైమ్ గొడవ” అని మీరు అనుకోవచ్చు. అసలు ఎక్కువ అవసరం మీకే. ఎందుకో చివర్లో చెబుతాను.

మొదట ఎంజైమ్ అంటే ఏమిటో చూద్దాం. మందు కాదు, టానిక్ కాదు, యాంటీబయాటిక్ అంతకన్నా కాదు. ఇంట్లో రాగులు నానబెట్టి, మొలకలు రానిచ్చి, ఎండబెట్టి పిండి చేస్తాం. ఆ జావ మామూలు రాగి జావ కంటే తియ్యగా ఉంటుంది, చంటిపిల్లలకు తేలిగ్గా అరుగుతుంది. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైమ్ ఆ పిండి పదార్థాన్ని చక్కెరగా విడగొడుతుంది కాబట్టి ఆ తీపి. మన నోట్లో ఉమ్మిలో ఉన్నదీ అలాంటిదే. కోడి కడుపులోనూ ఎంజైమ్‌లు ఉంటాయి. కానీ గింజలో ఉన్న అన్ని తాళాలకూ కోడి దగ్గర తాళంచెవులు లేవు. లేని చెవిని మనం బయటి నుంచి దాణాలో కలిపి ఇస్తున్నాం. అంతే సంగతి. వీటిని కర్మాగారాల్లో కొన్ని రకాల బూజులు, బ్యాక్టీరియా, ఈస్టు పెంచి వాటి నుంచి తీస్తారు. పెరుగు తోడు లాంటి ప్రోబయోటిక్ వేరు, ఇది వేరు. తోడులో ప్రాణమున్న సూక్ష్మజీవి ఉంటుంది. ఎంజైమ్‌కు ప్రాణం లేదు, అది ఒక మాంసకృత్తి. కోడిగుడ్డు తెల్లసొన వేడికి ఎలా గడ్డకడుతుందో ఇదీ అలాగే వేడికి చెడిపోతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మన దాణాలో ప్రధానంగా ఉండేవి రెండే, మక్కజొన్న, సోయా చెక్క. టన్ను దాణాలో సుమారు 600 కిలోల మక్కలు, 300 కిలోలు దాటి సోయా. కోడి పెంపకం ఖర్చులో అటూ ఇటూగా 65 నుంచి 70 శాతం దాణాదే. 2021లో సోయా చెక్క ధర రెట్టింపు దాటిపోయినప్పుడు ఎన్ని సొంత ఫారాలు మూతపడ్డాయో మీరు చూశారు. అప్పుడు కేంద్రం జన్యుమార్పిడి సోయా చెక్క 12 లక్షల టన్నుల దిగుమతికి అనుమతి ఇచ్చింది. కోళ్ల రైతుకు ఊపిరి అందింది గానీ, ఆదిలాబాద్‌లో సోయా వేసిన రైతు గుండె గుభేలుమంది. ఇద్దరూ రైతులే. 2023 చివర్లో చెరకు రసంతో ఇథనాల్ తయారీ మీద ఆంక్షలు పెట్టాక డిస్టిలరీలు మక్కల మీద పడ్డాయి. మక్క రైతుకు ధర వస్తే మనకు సంతోషమే, దాన్ని కాదనేది లేదు. కానీ కోళ్ల రైతు బతకాలంటే తెచ్చిన ప్రతి కిలో దాణా నుంచీ కోడికి ఎక్కువ అందాలి. ఎంజైమ్ చేసే పని అక్కడ.

వీటిలో నేను గట్టిగా నమ్మేది ఫైటేజ్. దాని గురించి కొంచెం ఎక్కువ సేపు చెబుతాను, మిగతావి త్వరగా చెప్పి వదిలేస్తాను.

కోడికి ఎముక గట్టిపడాలంటే భాస్వరం కావాలి. నేను చెప్పిన మక్కలు, సోయాలోనే టన్నుకు మూడున్నర కిలోలకు పైగా భాస్వరం ఉంటుంది. కానీ అందులో దాదాపు మూడింట రెండు వంతులు ఫైటిక్ ఆమ్లం రూపంలో కట్టేసి ఉంటుంది. గింజ తన మొలక కోసం దాచుకున్న సొత్తు అది. ఆవు, గేదె అయితే కడుపులోని సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టుకుంటాయి. కోడికి ఆ సౌకర్యం చాలా తక్కువ. తిన్న భాస్వరంలో ఎక్కువ భాగం రెట్టలో పోతుంది. పోతూ పోతూ కాల్షియం, జింకు, ఇనుము, కొంత మాంసకృత్తిని కూడా వెంట పట్టుకుపోతుంది. ఈ లోటు పూడ్చడానికి మనం డబ్బు పెట్టి డీసీపీ కొంటున్నాం. అంటే ఒక భాస్వరం పెంటలో పారబోస్తూ ఇంకో భాస్వరం బస్తాలో కొంటున్నాం.

ఫైటేజ్ ఆ తాళం తీస్తుంది. ఇది మొదట మార్కెట్‌లోకి వచ్చింది 1991లో, నెదర్లాండ్స్‌లో. వాళ్లకు అప్పట్లో కోళ్లు, పందుల పెంటలోని భాస్వరం చెరువుల్లోకి, కాలువల్లోకి చేరి నీళ్లు పాడయ్యాయి, ప్రభుత్వం కట్టడి చేసింది. వాళ్లకు నీళ్ల బాధతో వచ్చిన వస్తువు మనకు ఖర్చు బాధతో వచ్చింది.

లెక్క చూద్దాం. మామూలుగా చెప్పే మోతాదు కిలో దాణాకు 500 యూనిట్లు. గ్రాముకు 5,000 యూనిట్లున్న పొడి అయితే టన్నుకు 100 గ్రాములు చాలు. అది సుమారు ఒక కిలో భాస్వరాన్ని విడిపిస్తుంది. డీసీపీలో భాస్వరం 18 శాతం. అంటే టన్నుకు అయిదు కిలోలు, అయిదున్నర కిలోల డీసీపీ తగ్గించుకోవచ్చు. డీసీపీ కిలో 50 రూపాయలు అనుకుంటే 250 నుంచి 275 రూపాయలు. మీ ఊళ్లో ఆ రోజు ధర వేసుకుని, 100 గ్రాముల ఫైటేజ్ ధర అందులోంచి తీసేయండి. మిగిలింది మీ ఆదా. ఒక టన్నుకు చిన్నగానే కనిపిస్తుంది. 5,000 కోళ్ల బ్యాచ్‌కు పద్దెనిమిది టన్నులు పైచిలుకు దాణా పడుతుంది కదా, ఏడాదికి ఆరు బ్యాచ్‌లు వేసుకోండి.

ఇక్కడే మనవాళ్లు రెండు రకాలుగా దెబ్బతింటున్నారు.

మొదటి రకం, దాణా సూత్రం ఏమీ మార్చకుండా పైన ఎంజైమ్ చల్లేవాళ్లు. డీసీపీ అంతే, సోయా అంతే, పైగా డీలర్ ఇచ్చిన పొట్లం. కోడికి భాస్వరం ముందే సరిపోతుంటే ఇంకా విడిపించి ఏం లాభం? నిండిన కుండలో నీళ్లు పోసినట్టు. “ఎంజైమ్ వాడాను, ఏం తేడా రాలేదన్నా” అని నాతో అన్నవాళ్లలో చాలామంది ఈ బాపతే. ఎంజైమ్ తప్పు కాదది. ఎంత విడిపిస్తుందో అంత దాణాలోంచి తగ్గిస్తేనే డబ్బు మిగిలేది.

రెండో రకం మరీ ప్రమాదం. డీసీపీ తగ్గించేశారు, కానీ వేసిన ఎంజైమ్ చచ్చిన సరుకు. గడువు తీరిందో, రేకుల షెడ్డులో మే నెల ఎండకు ఉడికిందో, కోలిన్ క్లోరైడ్‌తో, ఖనిజ మిశ్రమంతో ఒకే సంచిలో కలిపి నెలల తరబడి ఉంచారో. అప్పుడు కోడికి అటు డీసీపీ భాస్వరం లేదు, ఇటు గింజ భాస్వరం లేదు. మూడో వారానికి కాళ్లు వంకర్లు, కూలబడిన పిల్లలు, దాణా తొట్టి దాకా నడవలేక ఎండిపోయేవి. కాళ్లు పడిపోవడానికి వేరే కారణాలూ ఉంటాయి. డీ3 విటమిన్ తక్కువైనా, లిట్టర్ తడిసినా, వైరస్ వచ్చినా పడతాయి. అందుకే అన్నింటినీ ఎంజైమ్ మీద తోయను. కానీ సొంత దాణాలో డీసీపీ తగ్గించినవాళ్లు ముందు చూడాల్సింది ఇదే.

ఇంకొక సంగతి సున్నపురాయి పొడి. డీసీపీ తగ్గించాను కదా, కాల్షియం తగ్గుతుందని రెండు పారలు పొడి ఎక్కువ వేసేవాళ్లున్నారు. కాల్షియం ఎక్కువైతే అది ఫైటిక్ ఆమ్లాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, ఫైటేజ్ పని చేయలేదు. డీసీపీతో పోయిన కాల్షియంలో చాలా భాగం ఫైటేజే విడిపిస్తుంది. సున్నపురాయి చౌక అని చేతికొచ్చినంత వేయకండి. దాణాలో అన్నింటికంటే నిర్లక్ష్యంగా తూచేది దాన్నే.

కలపడం కూడా చెప్పాలి. టన్నులో 100 గ్రాములు అంటే పది కిలోల్లో ఒక్క గ్రాము. నేరుగా మిక్సర్‌లో గుమ్మరిస్తే ఒక బస్తాలో అంతా, ఇంకో బస్తాలో సున్నా. ముందు ఒక కిలో మక్క పిండిలో చేత్తో బాగా కలపండి. దాన్ని పది కిలోల్లో కలపండి. ఆ తర్వాతే మిక్సర్‌లో వేయండి. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఈ పొడి పీల్చితే కొందరికి ఆయాసం వస్తుంది. కలిపే పని ఎక్కువగా మన ఇంటి ఆడవాళ్లు, కూలీలు చేస్తారు, వాళ్లకు ఈ మాట ఎవరూ చెప్పరు.

మిగతా ఎంజైమ్‌లకు వస్తాను. గింజ గోడల్లో పీచు ఉంటుంది. దాన్ని విడగొట్టేవి జైలనేజ్, గ్లూకనేజ్ లాంటివి. ఐరోపాలో కోళ్లకు గోధుమ, బార్లీ పెడతారు. అవి పేగుల్లో జిగురుగా మారి దాణా అరగదు, రెట్ట పల్చగా పడి లిట్టర్ ముద్దవుతుంది. అక్కడ ఈ ఎంజైమ్‌లు వేస్తే ఫలితం కళ్లకు కట్టినట్టు కనిపించింది. మన మక్కజొన్నలో ఆ జిగురు బాగా తక్కువ. అక్కడి ఫలితాల పటం రంగుల కాగితం మీద వేసుకొచ్చి ఇక్కడ మక్క దాణాకు అమ్ముతుంటారు. మక్క, సోయా దాణాలో కొంత లాభం ఉంటుంది గానీ ఆ పటంలో చూపినంత రాదు. అమ్మేవాళ్లు కిలో దాణాకు 50 నుంచి 100 కిలోకేలరీల శక్తి మిగులుతుందని రాసిస్తారు. మీ దాణాలో మక్కలు, సోయా తప్ప ఏమీ లేకపోతే ఆ తక్కువ అంకె కంటే కూడా కిందే వేసుకోండి. మూడు రకాల ఎంజైమ్‌లు కొని, మూడు కాగితాల మీది అంకెలు కూడేసి నూనె తీసేస్తే కోడి బరువు పడిపోతుంది. ఆ అంకెలు ఒకదాని మీద ఒకటి కూడేవి కావు.

నూనె తీసిన తవుడు, డిస్టిలరీ నుంచి వచ్చే డీడీజీఎస్ వాడేవాళ్లకు మాత్రం జైలనేజ్ పనికొస్తుంది. వాటిలో పీచు ఎక్కువ. గోరుచిక్కుడు గింజ చెక్క, కొబ్బరి చెక్క వాడితే మాననేజ్ అని ఒకటుంది, దాని పని వేరే. మాంసకృత్తిని విడగొట్టే ప్రొటియేజ్ వేస్తే సోయా కొంచెం తగ్గించుకోవచ్చు. అయితే సోయా చెక్క సరిగ్గా వేగకుండా పచ్చిగా వస్తే ఏ ప్రొటియేజూ దాన్ని పూర్తిగా బాగుచేయదు, ముందు చెక్క మంచిది తెచ్చుకోవాలి. యూరియేజ్ పరీక్ష చేయించమని అడగండి, పెద్ద ఖర్చు కాదు.

జొన్నలు, సజ్జలు, నూకలు దాణాలోకి తేవడానికి ఎంజైమ్‌లు తోడ్పడతాయని నాకొక ఆశ ఉంది. మెట్ట రైతు పండించిన జొన్నకు పక్క ఊరి కోళ్ల ఫారమే మార్కెట్ అయితే అంతకన్నా కావలసిందేముంది? తెల్ల జొన్న అయితే ఫరవాలేదు. ఎర్ర జొన్నలో వగరు ఎక్కువ ఉంటే మామూలు ఎంజైమ్ దానికి విరుగుడు కాదు. వానాకాలం కోతలో తడిసి నల్లబూజు పట్టిన జొన్న అసలు పెట్టకండి. బూజు విషానికీ ఈ ఎంజైమ్‌లకూ సంబంధం లేదు. డీడీజీఎస్ విషయంలో మరీ జాగ్రత్త. గింజలోని పిండి సారాగా పోయాక మిగిలిన పిప్పిలో బూజు విషం సుమారు మూడింతలు చిక్కబడుతుంది. చౌక అని లారీ దించుకునే ముందు అఫ్లటాక్సిన్ పరీక్ష కాగితం అడగండి.

ఎవరి మాటా నమ్మకండి, నా మాట కూడా. మీ షెడ్డులోనే చూసుకోండి. ఒకే రోజు వచ్చిన పిల్లలను మధ్యలో జాలీ కట్టి రెండు భాగాలు చేయండి. ఒక వైపు పాత దాణా, ఇంకో వైపు డీసీపీ తగ్గించి ఫైటేజ్ వేసిన దాణా. నీళ్లు, లైటు, ఊక, మనిషి అన్నీ ఒకటే. దాణా తూచి వేయండి, రాసుకోండి. వారానికోసారి ప్రతి వైపు 50 పిల్లలను ఏరకుండా, చేతికి అందినట్టు పట్టి తూచండి. కాళ్లు చూడండి. లిట్టర్ పిడికిట పట్టి చూడండి. ఒక్క బ్యాచ్‌తో తేల్చేయకండి, ఎండాకాలం ఒకటి, చలికాలం ఒకటి చూడండి. సందేహం వస్తే రాజేంద్రనగర్‌లో కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ ఉంది, పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. మన పన్నులతో నడిచేవే, వెళ్లి అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇప్పుడు కంపెనీ కింద పెంచే అన్నలకు చెబుతానన్న మాట.

మీకు వచ్చే దాణా గుళిక దాణా. గుళిక కట్టేటప్పుడు ఆవిరితో 80, 85 డిగ్రీల దాకా వేడి చేస్తారు. ఇందాక తెల్లసొన మాట చెప్పాను. వేడికి తట్టుకునే పూత ఉన్న ఎంజైమ్ వేయాలి, లేదంటే గుళిక చల్లారాక ద్రవరూపంలో పైన చల్లాలి. మంచి మిల్లుల్లో ఈ ఏర్పాట్లు ఉంటాయి. కానీ ఒక రోజు యంత్రం వేడి ఎక్కువైంది, లేదా చల్లే గొట్టం మూసుకుపోయింది అనుకోండి. దాణా సూత్రంలో మాత్రం ఎంజైమ్ ఉందన్న లెక్కతో డీసీపీ తగ్గించారు, నూనె తగ్గించారు. ఆ లోడు మీ షెడ్డులో దిగుతుంది. కోడి తింటుంది, పెరగదు. ఎఫ్‌సీఆర్ పెరుగుతుంది. లిఫ్టింగ్ అయ్యాక లెక్క చీటీలో ఏం వస్తుంది? “నిర్వహణ లోపం.” కోత.

అంకెల్లో చూడండి. 5,000 కోళ్లు, సగటు 2.2 కిలోలు, అంటే 11,000 కిలోల కోడి. ఎంజైమ్ బాగా పనిచేసి ఎఫ్‌సీఆర్ 1.70 నుంచి 1.65కు తగ్గితే 550 కిలోల దాణా మిగిలింది. కిలో 40 రూపాయలు వేసుకుంటే 22,000 రూపాయలు. దాణా కంపెనీది కాబట్టి ఆదా కంపెనీకి. ఒప్పందంలో ప్రోత్సాహకం ఉంటే మీకు అందులో ఎంతో కొంత వస్తుంది. అదే ఎఫ్‌సీఆర్ 1.75 అయితే 550 కిలోలు ఎక్కువ తిన్నట్టు, ఆ నష్టం మీ పెంపకం ఛార్జీలోంచి పోతుంది. దాణా ఏది కలపాలో మీరు నిర్ణయించలేదు, మిల్లు మీది కాదు, బస్తా కుట్టింది మీరు కాదు. జరిమానా మాత్రం మీది. షెడ్డు కట్టిన బ్యాంకు అప్పు, కరెంటు బిల్లు, ఊక, కూలి అన్నీ మీవే అయినప్పుడు దాణా నాణ్యత భారం కూడా మీ మీదే వేయడం ఏ లెక్క?

మా పక్క ఊళ్లో ఒకాయనకు వరుసగా రెండు బ్యాచ్‌లు ఇలాగే పోయాయి. అదే లోడు దిగిన ఇంకో మూడు షెడ్లలోనూ కోళ్లు అదే వారంలో కాళ్లు పడ్డాయి. నలుగురి నిర్వహణా ఒకేసారి చెడిపోతుందా అని అడిగితే సూపర్‌వైజర్ దగ్గర జవాబు లేదు. కానీ వీళ్ల చేతిలో కూడా ఆధారం లేదు. బస్తాలు ఖాళీ అయ్యాయి, నమూనా ఎవరూ తీసి ఉంచలేదు.

కాబట్టి ప్రతి లోడు దిగినప్పుడు అయిదారు బస్తాల నుంచి గుప్పెడు గుప్పెడు తీసి, ఒక కిలో దాకా గాలి చొరని కవర్లో వేసి, తేదీ, లారీ నంబరు, బస్తా మీది బ్యాచ్ నంబరు రాసి చల్లని చోట పెట్టండి. లిఫ్టింగ్ అయి డబ్బు పడేదాకా పారేయకండి. కొన్ని బస్తాలు తూచండి, యాభై కిలోల బస్తాలో యాభై ఉన్నాయా లేదా అన్నది కూడా ఎఫ్‌సీఆర్‌లో భాగమే. బస్తా మీద మాంసకృత్తి, శక్తి, కాల్షియం, భాస్వరం ఎంతో రాసి ఉందా చూడండి. బ్రాయిలర్ దాణాకు ఐఎస్ 1374 అని భారతీయ ప్రమాణం ఉంది. ఆ అంకెలతో పోల్చుకోండి. ఎంజైమ్ కలిపితే ఏది, ఎన్ని యూనిట్లు అన్నది కూడా రాయమని సంఘం తరఫున అడుగుతున్నాం.

ఇంకొకటి కూడా అడుగుతున్నాం. ఒకే దాణా లోడు దిగిన షెడ్లన్నిటిలో ఎఫ్‌సీఆర్ ఒకేసారి పెరిగితే దాన్ని రైతు ఖాతాలో వేయకూడదు, ముందు దాణా పరీక్ష చేయించాలి, పరీక్ష ఖర్చు దాణా ఇచ్చినవాళ్లు పెట్టుకోవాలి. ఇది ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. కేంద్రం 2018లో తెచ్చిన మాదిరి కాంట్రాక్టు వ్యవసాయ చట్టం పేరులోనే పశుసంపద కూడా ఉంది, తమిళనాడు 2019లో తన చట్టం చేసింది. చట్టాల మీద నాకు గుడ్డి నమ్మకం లేదు. రాత లేని ఒప్పందం కంటే రాత ఉన్నది నయం, అంతవరకే. మనలో ఎంతమంది దగ్గర ఒప్పందం నకలు ఉంది? చేతులెత్తండి. చూశారా, ఇంతమందిలో ఏడుగురు.

వచ్చే నెల రెండో ఆదివారం జిల్లా కమిటీ సమావేశం ఉంది. కంపెనీ కింద పెంచేవాళ్లు మూడు కాగితాలు తీసుకురండి: ఒప్పందం నకలు ఉంటే అది, లేకపోతే అడిగినట్టు ఒక దరఖాస్తు, చివరి రెండు బ్యాచ్‌ల లెక్క చీటీలు, దాణా బస్తాకు కుట్టిన లేబుల్. సొంతంగా దాణా కలిపేవాళ్లు తాము వాడే సూత్రం రాసుకుని రండి. ఎవరి దాణాలో డీసీపీ ఎంత తగ్గించవచ్చో కూర్చుని లెక్క వేద్దాం. కాలిక్యులేటర్ నేను తెస్తాను.